పక్కనున్నది యోసేపు

బందరు,
2-11-1998.

పిన్నికి,

ఉమ రాస్తున్నాను. నువ్వు పంపిన ఎండు మెత్తళ్ల మూట అందింది. స్టాఫ్‌రూములో విప్పితే టీచర్లంతా ముక్కులు మూసుకున్నారు. మర్నాడు వేయించి తెస్తే గిన్నె అడుగు దాకా ఊడ్చి, "మళ్లీ ఎప్పుడొస్తాయండీ?" అని అడిగారు. బందరు వాళ్ల సంగతి నీకు తెలియంది కాదు.

దుర్గ బాగుంది. క్వార్టర్లీలో లెక్కల్లో డెబ్బై ఎనిమిది తెచ్చుకుంది. ఇంగ్లీషులోనే ఇంకా తడబడుతోంది, రోజూ సాయంత్రం హాస్టల్ నుంచి పిలిపించి నా దగ్గర కూర్చోబెట్టుకుంటున్నాను. టెన్తు పరీక్షలయ్యేదాకా పెళ్లి మాట ఎత్తనని, పాసైతే ఇంటర్లో చేర్పిస్తానని బాబాయి నాకు మాటిచ్చాడు కదా. మార్చి దాకా ఆ మాట నిలిచేలా చూడు పిన్నీ. బాబాయి వాళ్లక్క నాంచారత్త ఇంటికొచ్చినప్పుడల్లా "మా వెంకట్‌కి ఇంక ఆగే ఓపిక లేదు" అంటోందని దుర్గ చెప్పింది. ఓపిక లేనిది వెంకట్‌కి కాదు, ఆవిడకి.

ఇంకో సంగతి. డిసెంబరు ఇరవై రెండున స్కూల్లో క్రిస్మస్ చేస్తాం. ఈ ఏడు డాన్సులన్నీ నాకు అప్పజెప్పారు. అసలు డాన్సు ఏమిటంటే, మరియమ్మ నిండు గర్భిణి. భర్త యోసేపు, వడ్రంగి. ఇద్దరూ చాలా దూరం నడిచి ఒక ఊరికొస్తారు. రాత్రికి ఇంత చోటిమ్మని గడప గడపకీ తిరుగుతారు. ఎవరూ తలుపు తీయరు. అంతే కథ. తలుపులుగా పన్నెండుమంది పిల్లలు నిలబడతారు, ఆమె ఒక్కొక్కరి ముందూ ఆగుతుంది, వాళ్లు వీపు తిప్పేస్తారు. మరియమ్మగా దుర్గని పెట్టాను.

నీకు ఎప్పుడూ చెప్పలేదు కానీ, ఉప్పెనలో అమ్మ పోయాక నువ్వు నన్ను ఈ స్కూల్లో చేర్చిన దగ్గర్నుంచీ పదేళ్లూ నేను గొర్రెనే. గోనెసంచికి దూది అంటించి నా మీద కప్పేవాళ్లు. పశువుల పాక ముందు మోకాళ్ల మీద ఉండాలి. మరియమ్మ ఎప్పుడూ డాక్టరుగారి అమ్మాయో, లెక్చరరుగారి అమ్మాయో. తెల్లగా ఉండాలిట. దుర్గ పేరు చెప్పగానే హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ ఫిలోమినా, "పిల్ల మంచిదే ఉమా, కానీ నలుపు కదా" అంది. "ఆవిడ ఊళ్లో ఎండ కాయదా సిస్టర్?" అన్నాను. నా మొహం చూసి నవ్వేసింది. నవ్విందంటే ఒప్పుకున్నట్టే.

దుర్గ మాత్రం ఒప్పుకోలేదు. "నా వల్ల కాదక్కా, అందరూ నన్నే చూస్తారు" అని ఏడ్చింది. చూడ్డానికేగా పెట్టింది అని కసిరాను. తల మీద గంప ఉన్నట్టు నడుస్తుంది పిన్నీ అది. ఆ నడక ఈ ఊళ్లో ఏ పిల్లకీ నేర్పించినా రాదు.

నా సంగతి మామూలే. హైదరాబాదుకి ఇంకో రెండు అప్లికేషన్లు పంపాను. పేపర్లో ఉద్యోగాల పేజీ చదివి చదివి కళ్లు పోతున్నాయి. క్రిస్మస్ చెట్టుకి సరుగుడు కొమ్మలు కావాలి, మనవైపు నుంచి ఎవరైనా వస్తుంటే పంపించు.

నీ
ఉమ


హంసలదీవి,
14-11-98.

అమ్మా ఉమా, నీ పిన్ని లక్ష్మీకాంతం దీవెనలు.

నా ఐదో తరగతి రాత, తప్పులుంటే సర్దుకుని చదువు. వాయుగుండం అని చెప్పి ఆరు రోజులైంది పడవలు కదల్లేదు. మీ బాబాయి ఇంట్లోనే కూర్చుని వల బాగుచేస్తా, మధ్యమధ్యలో నన్ను బాగుచేస్తున్నాడు. కూరలో ఉప్పు ఎక్కువంటాడు, ఇంకోపూట తక్కువంటాడు. సముద్రం మీదకెళ్తే గానీ ఆ మనిషి మనిషి కాదు.

డాన్సు సంగతి ఆయనకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు. ఇక్కడ డాన్సంటే మాఘ పున్నానికి తిరనాళ్లలో లారీ మీద ఆడించేదే తెలుసు. కిందటేడు అది చూడ్డానికెళ్లిన వెంకట్‌ని మీ బాబాయి చెవి పట్టుకుని లాక్కొచ్చాడు. ఇప్పుడు సొంత కూతురు స్టేజీ ఎక్కిందంటే ఇంకేమన్నా ఉందా.

నాకు కొన్ని సంగతులు రాయి. మగాళ్లు చూస్తారా? చీర కడుతుందా గౌనా? మరియమ్మంటే మన గంగమ్మతల్లి లాంటిదేనా? అట్టయితే వేషం కట్టేదాకా పిల్ల నీసు ముట్టకూడదు. మనకి గంగమ్మ గరగ నెత్తిన ఎత్తి ఆడేవాళ్లు నలభై రోజులు ముట్టరు. మీ సిస్టరమ్మ చెప్పకపోయినా నువ్వు చూసుకో. దుర్గ చిన్నపిల్ల, ఉండలేకపోతుందేమోనని నేను కూడా మానేశాను. సగం నేను మోస్తానని తల్లికి చెప్పుకున్నా. చేపల గంపలో చెయ్యి పెట్టి రోజంతా అమ్మి, ఇంటికొచ్చి పచ్చిపులుసు తింటున్నా. ఏమైందే నీకు అంటాడు మీ బాబాయి. పంటి నొప్పి అని చెప్పా.

ఇంతకీ నాకు చూడాలనుంది. రాలేను. బందరు అంటే పొద్దున బయల్దేరితే రాత్రికి గానీ తిరిగి రాలేను, ఎందుకెళ్లావంటే ఏం చెప్పను. ఫొటో తీస్తే ఒకటి పంపు.

సరుగుడు కొమ్మలు వెంకట్ తెస్తాడు. కృత్తివెన్నులో రొయ్యల చెరువు దగ్గర పనికి కుదిరాడు, బందరు మీదుగానే వెళ్తాడు. వాడికి టీ ఇవ్వు. మంచోడే. వాడి అమ్మ వాడి చేత మాట్లాడనివ్వదు, అంతే.

దుర్గకి తల నూనె రాయి.

నీ పిన్ని


బందరు,
23-12-1998.

పిన్నికి,

నిన్న అయిపోయింది. ఒళ్లంతా పులిసిపోయింది గానీ ఇప్పుడే రాయకపోతే రుచి పోతుందని రాస్తున్నాను.

నిన్న పొద్దున్నే వెంకట్ బస్సు టాపు మీద రెండు పెద్ద మోపులు తెచ్చాడు. "వదినా, ఇవి చెట్టుకేనా, హాస్టల్ పొయ్యిలోకా?" అన్నాడు. మేడ మీంచి దుర్గ చూసి లోపలికి పారిపోయింది. మగపిల్లల హైస్కూలు నుంచి పదిమంది వచ్చి స్టేజీ కట్టారు, పాకకి తాటాకు కప్పారు. పాక ముందు పచ్చిక కోసం పళ్లేల్లో వడ్లు చల్లి మొలకెత్తించాం. దేవసహాయం మాస్టారు హార్మోనియం. ఆయన పాటకన్నా దగ్గు ఎక్కువ, అయినా శ్రుతి తప్పలేదు.

ఒకటి నీకు చెప్పుకోవాలి. మేకప్ అప్పుడు సిస్టర్ తన పౌడరు డబ్బా తెచ్చింది. ఒక పూత అయ్యాక, "ఇంకొంచెం" అంది. మళ్లీ ఇంకొంచెం. మెడ, చేతులు, చెవుల వెనక. నల్లపిల్లని మరియమ్మని చేస్తానని పోట్లాడింది నేనే. ఆ నలుపుని చెరిపేస్తుంటే అద్దం పట్టుకుని నిలబడ్డదీ నేనే. ఆపమని నోరు రాలేదు. అంతమంది ముందు బాగుండాలి కదా అనిపించింది. పదేళ్లు గొర్రెగా ఉంటే అలవాటు ఊరికే పోదేమో.

కానీ డాన్సు మొదలయ్యాక పౌడరు ఎవరికీ కనపడలేదు. పన్నెండో తలుపు కూడా వీపు తిప్పేశాక మరియమ్మ కూలబడి ఏడవాలని నేను నేర్పించాను. అది ఏడవలేదు. నిలబడి, మూసేసిన తలుపులన్నిటినీ ఒక్కొక్కదాన్నీ చూసింది. తర్వాత, చేపలమ్మి వచ్చి గంప దించాక నువ్వు నడుం మీద చెయ్యి పెట్టుకుంటావే, అలా పెట్టుకుంది. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దగ్గలేదు కూడా. సిస్టర్ ఫిలోమినా కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. యోసేపు చెయ్యి పట్టుకుని పాకలోకి తీసుకెళ్తుంటే గానీ జనానికి ఊపిరి రాలేదు.

దిగాక నన్ను అది అడిగిన మొదటి మాట, "అక్కా, ఇంక చేపలు తినొచ్చా?" అని. నువ్వూ తిను. పంటి నొప్పి తగ్గిందని బాబాయికి చెప్పు.

మగాళ్లు చూశారు పిన్నీ. ఫాదర్లు, పిల్లల తండ్రులు. ఎవరూ చెడ్డగా చూడలేదు. చూసి ఉంటే నేను ఊరుకునేదాన్ని కాదు.

టెన్తు వాళ్లకి సెలవుల్లో కూడా స్పెషల్ క్లాసులు. సంక్రాంతికి పంపరు.

ఉమ


బందరు,
6-1-1999.

పిన్నికి,

రీలు అయిపోయేదాకా స్టూడియో వాడు కడగలేదు, అందుకే ఆలస్యం. ఫొటో దీంతో పెడుతున్నాను, పాకలో తీసింది. దుర్గ ఒళ్లోది బొమ్మే, మా యూకేజీ పిల్లది. పక్కనున్నది యోసేపు. ఎంత బాగా కుదిరారో చూడు ఇద్దరూ.

ఎల్లుండి గుడివాడ వెళ్తున్నాను. ఇంగ్లీషు టీచర్లకి ఈ నెల ఇరవై ఐదు దాకా ట్రైనింగ్. అక్కడ నన్ను ఎవరూ ఎరగరు, ఆ సంబరం ఒకటి. నేను వచ్చేదాకా దుర్గ చదువు సిస్టరే చూస్తానంది. నువ్వు ఉత్తరం రాసేదుంటే బందరుకే రాయి, వచ్చి చదువుకుంటాను.

ఉమ


హంసలదీవి,
12-1-99.

అమ్మా ఉమా,

ఫొటో చూసి ముందు నా కూతురే కాదనుకున్నా. మొహానికి అంత పిండేంటే? ఏ దొరగారి పిల్లో అనుకుని కవరు మీద పేరు మళ్లీ చూసుకున్నా. ఆ ముక్కు, ముసుగు పట్టుకున్న తీరు చూసి పోల్చుకున్నా. పోల్చుకున్నాక ఎంతసేపు ఏడ్చానో తెలీదు. బాధ కాదులే. ఇంత పిల్లని నేను కన్నానా అని.

దేవుడి అరలో గంగమ్మకీ వేణుగోపాలస్వామికీ మధ్యన పెట్టాను. మీ బాబాయి వేటకెళ్లి మూడ్రోజులైంది. వచ్చేలోపు కళ్లారా చూసుకుందామని. రాగానే తీసి దాచేస్తాను.

నిన్న నాంచారొదిన వచ్చింది. దీపం దగ్గరకెళ్లి చూసి, "ఇదెవరే, మన దుర్గలా ఉంది" అంది. దుర్గే అన్నా. "పక్కన ఆ మీసాల కుర్రోడెవరు?" అంది. నువ్వు రాసిందే చెప్పా, యోసేపంట వదినా అని. "ఏం చేస్తాడు?" అంది. వడ్రంగంట అన్నా. "ఏ ఊరు?" అంది. నువ్వు ఊరి పేరు రాయలేదుగా, చాలా దూరం నుంచి నడిచొచ్చాడంట అని చెప్పా. ఇంకా ఏదో అడగబోయి, ఆ పిల్లాడి బొమ్మని చూసి ఊరుకుంది. టీ పెట్టా. తాగకుండా వెళ్లిపోయింది. ఆమెకి షుగరు వచ్చిందేమో, చక్కెర లేకుండా పెట్టాల్సింది.

ఆ కుర్రాడు మగపిల్లల స్కూలు వాడేనా? బుద్ధిమంతుడిలా ఉన్నాడు. దుర్గ చెయ్యి మాత్రం అంత గట్టిగా పట్టుకోకుండా ఉంటే బాగుండేది.

నువ్వు గుడివాడలో వేళకి తిను.

పిన్ని


బందరు,
26-1-1999.

పిన్నీ,

ఇవాళ పొద్దున దిగాను. జెండా వందనానికి టెన్తు వరసలో దుర్గ లేదు. హాస్టల్‌కి పరిగెత్తాను. మంచం కింద పెట్టె లేదు. సిస్టర్ చెప్పింది, పంతొమ్మిదో తారీఖున బాబాయి వచ్చాడట. "వాళ్లమ్మకి ప్రాణం మీదకొచ్చింది, ఆఖరి చూపుకి తీసుకెళ్తున్నా" అన్నాడట. తలెత్తి ఎవరినీ చూడలేదట. పుస్తకాలు పట్టుకెళ్తానంటే దుర్గని వద్దన్నాడట. వారం రోజులు నేను గుడివాడలో ఇంగ్లీషు ఎలా చెప్పాలో నేర్చుకుంటూ కూర్చున్నాను.

నీకు ఏమైందోనని పరుగున నా గదికొస్తే తలుపు కింద నీ ఉత్తరం ఉంది. పన్నెండో తారీఖుది. చదివాను. రెండోసారి చదివాను. నీకు ఏ జబ్బూ లేదని అప్పుడు తెలిసింది.

పిన్నీ, యోసేపు ఆడపిల్ల.

పేరు ప్రణతి. నరసింహమూర్తి మాస్టారి కూతురు, దుర్గ పక్క బెంచీ. పొడుగ్గా ఉంటుందని యోసేపు వేషం వేశాం. మాది ఆడపిల్లల స్కూలు, యోసేపైనా, గొల్లవాళ్లయినా, రాజులైనా అందరూ ఆడపిల్లలే. మీసం కాటుకతో నేనే గీశాను. తలపాగా లోపల రెండు జడలున్నాయి. ఇదంతా నీకు రాయాలని నాకు తోచనే లేదు. ఇక్కడ ఎవరూ అడగరు, అందరికీ తెలుసు. నీకూ తెలుసనుకున్నాను.

ప్రణతి యూనిఫారంలో దిగిన ఫొటో వాళ్లింటికెళ్లి అడిగి తెచ్చాను, ఇందులో పెడుతున్నాను. ఆ ముక్కు, ఆ గడ్డం చూడు, గడ్డం మీద మచ్చ కూడా చూడు. బాబాయికి చూపించు. నాంచారత్తకి చూపించు. ఊరందరికీ చూపించు. ఫిబ్రవరిలో ప్రీ ఫైనల్స్ ఉన్నాయి, ఈ వారంలో వస్తే ఏమీ పోలేదు. దుర్గ పుస్తకాలు నా దగ్గరే ఉన్నాయి.

కోపమొస్తే నా మీద పడమను. ఆ పిల్ల వద్దంటే స్టేజీ ఎక్కించింది నేను.

ఉమ


హంసలదీవి,
2-2-99.

అమ్మా ఉమా,

ఫొటో అందింది. పిల్ల చక్కగా ఉంది, రెండు జడలతో. కానీ అది ఆడపిల్లని మాకు ముందే తెలుసమ్మా.

మీ బాబాయి వేట నుంచి దిగీ దిగగానే రేవులోనే నాంచారొదిన చెప్పింది. అప్పటికి ఊరంతా చెప్పేసింది. బందరులో దుర్గ యోసేపనే వడ్రంగితో చర్చిలో పెళ్లి చేసుకుందనీ, ముసుగేసుకుని ఫొటో దిగిందనీ, ఒళ్లో పిల్లాడు కూడా ఉన్నాడనీ. ఇవన్నీ ఎవరు చెప్పారంటే తల్లే చెప్పిందంది. నేను చెప్పినవే అన్నీ. పేరు నేనే చెప్పా, పని నేనే చెప్పా, దూరం ఊరని కూడా నేనే చెప్పా.

ఆయన ఇంటికొచ్చి ఫొటో తీసి చూశాడు. చదువు రానోడు, ఆయనకి కనపడిందే చదువు. చింపలేదు. అరలో బోర్లా పెట్టాడు. మర్నాడే వేట మానేసి పెద్దల్ని కూర్చోబెట్టాడు. ఇంత జరిగినా పిల్లని నేను చేసుకుంటానంది నాంచారొదిన, మీ పరువు నా పరువు కాదా తమ్ముడూ అంది. తాంబూలాలు అక్కడికక్కడే పుచ్చుకున్నారు. ఆ తర్వాతే బందరు వచ్చి పిల్లని తీసుకొచ్చాడు.

వచ్చిన రాత్రే దుర్గ చెప్పింది, నాన్నా అది ప్రణతి అని. నమ్మలేదు. అప్పుడు అదేం చేసిందనుకున్నావు. కాటుక భరిణె తెచ్చి, నన్ను దీపం ముందు కూర్చోబెట్టి, నా మూతి మీద మీసం గీసింది. ఆయన తువ్వాలు తీసి నా తలకి చుట్టింది. ఇప్పుడు చూడు, అమ్మ మగాడు కాదా అంది. ఆయన చూశాడు. చూసి నవ్వాడు ఉమా. ఇన్నేళ్ల కాపురంలో నా మొహం చూసి అంత నవ్వు నేనెప్పుడూ చూళ్లేదు. నాకూ నవ్వొచ్చింది, దుర్గ కూడా నవ్వింది. ముగ్గురం నవ్వుతున్నాం, అయిపోయింది గండం అనుకున్నా.

తర్వాత ఆయన కళ్లు తుడుచుకుని, "నేను నమ్మాను. ఇప్పుడు ఊళ్లో అందరికీ మీసాలు గీసి చూపిస్తావా?" అన్నాడు. లేచి బయటికెళ్లి పడుకున్నాడు.

నువ్వు పంపిన ఫొటో తీసుకుని నేను తిరిగా. నాలుగిళ్లు తిరిగా. "అవునులే లక్ష్మీకాంతం, ఇది వేరే పిల్ల" అన్నారు. వేరే పిల్లంట. ఐదో ఇంటికెళ్లలేదు.

పన్నెండో తారీఖు ముహూర్తం. నువ్వు పోలీసులూ గీలీసులూ అనకు. ఉప్పెనలో నిన్ను మెడ మీద కూర్చోబెట్టుకుని తెల్లార్లూ తాడిచెట్టు పట్టుకుని ఉన్నది ఆ మనిషే. మీ అమ్మ చెయ్యి వదిలి నిన్ను పట్టుకున్నాడు. నువ్వు గుర్తుపెట్టుకోవద్దనే ఇన్నాళ్లూ చెప్పలేదు.

పిన్ని


బందరు,
8-2-1999.

పిన్నికి,

నిన్న వచ్చాను. మీ దాకా రాలేదు.

నీ ఉత్తరం సిస్టర్‌కి చదివి వినిపించాను, ఆఖరి నాలుగు మాటలు తప్ప. పదహారు నిండని పిల్లకి పెళ్లేమిటి, చట్టం ఉంది, కలెక్టరుగారికి అర్జీ రాయి అంది. రాశాను. బాబాయి పేరు, ఊరు, తారీఖు, అన్నీ శుభ్రంగా రాశాను. నా ఇంగ్లీషులో ఒక్క తప్పు లేదు. కలెక్టరాఫీసు మా స్కూలుకి ఎంత దూరం, నడిచి వెళ్లొచ్చు. గేటు దాకా వెళ్లాను. బంట్రోతు "ఏం కావాలమ్మా?" అన్నాడు. టైమెంతైందని అడిగి వచ్చేశాను.

నిన్న ఆదివారం చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వచ్చి, కోడూరులో బస్సు మారదామని దిగితే స్టాండులో వెంకట్ కనపడ్డాడు. పెళ్లి బట్టలకి వచ్చాడట. నన్ను చూసి సంచీ వెనక్కి పెట్టుకున్నాడు.

"ఆ మీసం నా మీసం కంటే బాగుందంట కదా వదినా" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు పాపం.

"నీకు తెలుసు కదా అది ఆడపిల్లని?" అన్నాను.

"తెలుసు."

"మరి ఆపొచ్చు కదా, మార్చి దాకా?"

"నేనాపితే, అబ్బో వాడికి కూడా నచ్చలేదంట, ఏదో ఉందంట అంటారు. నేను చేసుకుంటే ఒక మాట, చేసుకోకపోతే పది మాటలు. నేను కొమ్మలు తెచ్చినప్పుడే నన్ను డాన్సు చూడమని ఉంటే బాగుండేది వదినా. నేనైనా ఊళ్లో చెప్పేవాణ్ణి."

టీ ఇచ్చి పంపించేశాను ఆ రోజు. ఉండమని అనలేదు. చేపల వాసన బట్టలతో ముందు వరసలో కూర్చుంటాడేమో అనిపించింది. ఇది ఎవరికీ చెప్పుకోలేను, నీకు చెబుతున్నాను.

హంసలదీవి బస్సు వచ్చింది. ఎక్కలేదు. బాబాయి మెడ చూస్తే నేనేం మాట్లాడగలను. అర్జీ ఇంకా నా బ్యాగులోనే ఉంది. ఎవరు తలుపు మూస్తున్నారో, ఎవరు బయట నిలబడ్డారో నాకు తెలియడం లేదు పిన్నీ. నేనూ వీపు తిప్పినట్టే ఉంది.

దుర్గకి ఇవేవీ చెప్పకు. నేను బస్సు ఎక్కలేదని మాత్రం చెప్పకు. బస్సు తప్పిపోయిందని చెప్పు.

ఉమ


బందరు,
10-3-1999.

పిన్నికి,

నెల దాటింది, నీ దగ్గర్నుంచి మాట లేదు. పెళ్లయిందనీ, దుర్గనీ నాంచారత్తనీ కృత్తివెన్ను తెచ్చుకున్నాడనీ వెంకట్ చెబితే తెలిసింది.

దుర్గ హాల్ టికెట్ వచ్చింది, దీంతో పెడుతున్నాను. ఫీజు అప్పుడే కట్టేసి ఉన్నాం కాబట్టి పేరు తీసెయ్యలేదు. ఇరవై రెండు, సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకి తెలుగు పేపరు. సెంటరు మా స్కూలే. కృత్తివెన్ను నుంచి బందరుకి బస్సులున్నాయి. ఒక్కపూట పంపినా చాలు, మిగతావి సప్లిమెంటరీలో రాయించుకుంటాను. నా గదిలో ఉంచుకుంటాను. వాళ్లత్తకి నీ నోటితో ఒక్కసారి చెప్పు.

గేటు దగ్గర నిలబడి ఉంటాను.

ఉమ


హంసలదీవి,
27-3-99.

అమ్మా ఉమా,

నువ్వు గేటు దగ్గర ఎంతసేపు నిలబడ్డావో అని సోమవారం పొద్దుటి నుంచీ నాకు అదే.

హాల్ టికెట్ అందిన రోజే కృత్తివెన్ను, నాంచారొదిన దగ్గరకెళ్లా. కాళ్లు పట్టుకోలేదు గానీ పట్టుకున్నంత పని చేశా. వెంకట్ తీసుకెళ్తా అమ్మా అన్నాడు. "ఆ స్కూలు గడప తొక్కిందంటే మళ్లీ యోసేపు లేస్తాడు, నా వల్ల కాదు" అంది. దుర్గ గుమ్మంలో నిలబడి వింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని, చెరువులవైపు చూసింది. నువ్వు రాసిందే గుర్తొచ్చింది. డాన్సు నేను చూళ్లేదనుకున్నా. చూసేశా.

వచ్చేటప్పుడు ఒక్కటే అడిగింది, ప్రణతి పరీక్షలకి బాగా చదువుతోందా అని. నాకేం తెలుసు. నువ్వు తెలిస్తే రాయి.

పాత ఫొటో మీ బాబాయి పెళ్లికి ముందురోజు సముద్రంలో వదిలేశాడు. హాల్ టికెట్ నీకు తిరిగి పంపట్లేదు, కోప్పడకు. దాని మీద దుర్గ ఫొటో అంటించి, సిస్టరమ్మ సంతకం పెట్టి, గుండ్రంగా ముద్ర వేసి ఉంది. పౌడరు లేదు. దాని రంగు దానికే ఉంది. నూనె రాసిన రెండు జడలు. అరలో గంగమ్మ పక్కన ఆ ఖాళీలో పెట్టాను. మీ బాబాయి వేటకెళ్తా దండం పెట్టుకోడానికొచ్చి చూశాడు. "మా అమ్మ పోలిక" అన్నాడు. తియ్యలేదు.

వచ్చినవాళ్లు కూడా చూస్తున్నారు. అందులో అది ఒక్కతే ఉంది. ఎవరూ ఏమీ అడగట్లేదు.

పిన్ని